తెర మీది పందెం: బుద్ధ్ సర్క్యూట్ బైకు గేమ్ బలాలు, లోపాలు

ఢిల్లీని ఆనుకుని ఉన్న గ్రేటర్ నోయిడాలో, యమునా ఎక్స్‌ప్రెస్‌వే పక్కనే ఉన్న బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌పై మోటోజీపీ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసు 2023 సెప్టెంబరు 24న తొలిసారి జరిగింది. అంతకు మూడున్నర నెలల ముందే, జూన్ 8న, ఇటలీలోని మిలాన్ నగరానికి చెందిన మైల్‌స్టోన్ సంస్థ విడుదల చేసిన ‘మోటోజీపీ 23’ వీడియో గేమ్‌లో ఈ ట్రాక్ చేరింది కాబట్టి, ప్రపంచ చాంపియన్లు ఈ తారు మీద టైరు మోపకముందే నోయిడా, గురుగ్రామ్, హైదరాబాద్, విశాఖపట్నం ఇళ్లలోని కుర్రకారుకు ఇక్కడి మలుపులను వల్లె వేసుకునే వీలు కలిగింది. నిజమైన రేసు ఆ ఒక్క ఏడాదితో ఆగిపోగా, ఆటలోని రేసు మీట నొక్కినప్పుడల్లా కొత్తగా మొదలవుతూనే ఉంది. ఈ విచిత్ర పరిస్థితి వల్ల గేమ్‌ను అంచనా వేయడానికి ఒక అరుదైన కొలబద్ద దొరికింది: అదే ట్రాక్ మీద, అదే ఏడాది, అవే బైకులతో సాగిన మూడు రోజుల పోటీ ఎలా నడిచిందో అందరికీ తెలిసినదే కనుక, ఆటను దాని పక్కన పెట్టి చూస్తే ఏది పట్టుబడిందో, ఏది చేజారిందో ఊహాగానాలు లేకుండా చెప్పవచ్చు.

ఆ పోలికలో తేలే సారాంశం ఇది. బైకును ఎక్కడ ఆపాలి, ఎంత వంచాలి, ఏ దారిన మలుపు దాటించాలి అనే విద్యలో ఈ ఆట నిక్కమైన గురువు. ఒళ్లు, ఎండ, భయం, గాయం అనే నాలుగింటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం దానికి నోరు పెగలదు. ఈ రెండు సంగతులనూ కలిపి చూడకుండా ఆటను ఆకాశానికెత్తినా, పిల్లలను చెడగొట్టే వ్యసనమని తీసిపారేసినా అంచనా సగమే అవుతుంది.

ట్రాక్ పుట్టుపూర్వోత్తరాలు

ప్రపంచంలోని అనేక ఆధునిక రేసు ట్రాక్‌లకు రూపకల్పన చేసిన జర్మన్ ఇంజినీరు హెర్మన్ టిల్కే గీసిన నమూనా ప్రకారం, జేపీ గ్రూపు నిర్మించిన బుద్ధ్ సర్క్యూట్ 2011 అక్టోబరులో ప్రారంభమైంది. 5.125 కిలోమీటర్ల పొడవు, 16 మలుపులు గల ఈ ట్రాక్‌పై 2011, 2012, 2013 సంవత్సరాల్లో ఫార్ములా వన్ కార్ల రేసులు జరిగాయి. మూడింటిలోనూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. ఆ తర్వాత పన్నుల వివాదాలు ముదిరి ఫార్ములా వన్ వెళ్లిపోయింది. ఈ రేసుల ద్వారా వచ్చిన ఆదాయంపై భారతదేశంలో పన్ను కట్టవలసిందేనని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్‌లో తేల్చింది. బకాయిల కారణంగా యమునా ఎక్స్‌ప్రెస్‌వే అభివృద్ధి ప్రాధికార సంస్థ 2020లో ఇక్కడి భూకేటాయింపును రద్దు చేసింది. ఇన్ని చిక్కుల నడుమ పదేళ్లకు మళ్లీ ప్రపంచ స్థాయి రేసు ఇక్కడికి రావడం చిన్న విషయం కాదు.

మోటోజీపీ అంటే రోడ్డు మీద తిరగడానికి పనికిరాని, కేవలం పోటీ కోసమే తయారైన బైకుల ప్రపంచ చాంపియన్‌షిప్. ఇందులో మూడు అంచెలు ఉంటాయి. 250 సీసీ ఒంటి సిలిండర్ ఇంజిన్ గల మోటో3తో మొదలై, 765 సీసీ మూడు సిలిండర్ల మోటో2 మీదుగా, 1000 సీసీ ఇంజిను, 157 కిలోల కనీస బరువు గల మోటోజీపీ బైకుల దాకా రైడర్ ఎదగాలి. ఈ బైకుల వేగం ఎంతటిదో చెప్పడానికి 2023 జూన్‌లో ఇటలీలోని ముజెల్లో ట్రాక్‌పై బ్రాడ్ బైండర్ నమోదు చేసిన గంటకు 366.1 కిలోమీటర్ల రికార్డు చాలు. ఫార్ములా వన్ వాడిన దారిని మోటోజీపీ కోసం కొద్దిగా మార్చి 4.96 కిలోమీటర్లు, 13 మలుపులకు కుదించారు.

2023లోనే మోటోజీపీ స్ప్రింట్ అనే కొత్త పద్ధతిని కూడా ప్రవేశపెట్టింది. ఆదివారపు ప్రధాన రేసులో దాదాపు సగం దూరం ఉండే పొట్టి రేసును శనివారమే నడిపి దానికీ పాయింట్లు ఇవ్వడమే ఆ పద్ధతి. గ్రేటర్ నోయిడాలో వాన వల్ల ఆలస్యంగా మొదలైన 11 ల్యాప్‌ల స్ప్రింట్‌ను హోర్హె మార్టిన్ గెలిచాడు. ఆదివారం రేసును ఎండ తీవ్రత కారణంగా 24 ల్యాప్‌ల నుంచి 21కి తగ్గించగా, వాలెంటినో రోసీ జట్టు తరఫున డుకాటీ నడిపిన మార్కో బెజెచ్చి ఎనిమిది సెకన్లకు పైగా ఆధిక్యంతో నెగ్గాడు. మార్టిన్ రెండో స్థానంలో, యమహా రైడర్ ఫాబియో క్వార్టరారో మూడో స్థానంలో నిలిచారు.

చైను దెబ్బల ఆట నుంచి సిమ్యులేషన్ దాకా

బైకు పందెపు వీడియో గేముల చరిత్ర 1985లో జపాన్ సంస్థ సేగా తెచ్చిన ‘హ్యాంగ్ ఆన్’తో మలుపు తిరిగింది. యు సుజుకి రూపొందించిన ఆ ఆటలో, బొమ్మ బైకు ఎక్కి కూర్చుని ఒంటిని అటూఇటూ వంచితే తెర మీది బైకు కూడా వంగేది. ఆ ఏర్పాటు ఆర్కేడ్లకే, అంటే నాణెం వేసి ఆడే ఆటల దుకాణాలకే పరిమితమైంది. భారతీయ మధ్యతరగతి ఇళ్లకు బైకు పందెం చేరింది మాత్రం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ 1991లో మొదలుపెట్టిన ‘రోడ్ రాష్’తోనే. దాని కంప్యూటర్ రూపం 1990ల చివర్లో హైదరాబాద్ అమీర్‌పేట ఇంటర్నెట్ కేంద్రాల నుంచి ఢిల్లీ కన్నాట్ ప్లేస్ నేల కింద ఉన్న పాలికా బజార్ దుకాణాల దాకా సీడీలలో చేతులు మారింది. పక్క రైడర్‌ను కాలితో తన్నడం, చైనుతో కొట్టడం, పోలీసుకు దొరక్కుండా పారిపోవడం దాని ఆకర్షణలు. అందులో మలుపుకు ముందు బ్రేకు వేయవలసిన అవసరమే అరుదు కాబట్టి, ఒక తరం మొత్తానికి బైకు ఆట అంటే యాక్సిలరేటర్ బిగబట్టి దూసుకుపోవడమేననే అలవాటు స్థిరపడింది.

మోటోజీపీ ఆటల ధోరణి ఇందుకు పూర్తిగా విరుద్ధం. వాటిని సిమ్యులేషన్ అంటారు. నిజ జీవితంలో ఒక యంత్రం భౌతిక సూత్రాల ప్రకారం ఎలా ప్రవర్తిస్తుందో లెక్కలతో అనుకరించే ఆట అని దాని అర్థం. 2013 నుంచి ఏటా ఈ చాంపియన్‌షిప్ లైసెన్సుతో ఆటను తయారు చేస్తున్న మైల్‌స్టోన్, 2018లో అన్‌రియల్ ఇంజిన్ 4 అనే సాఫ్ట్‌వేర్ పునాదికి మారింది. ఇంజిన్ అంటే ఇక్కడ వెలుగునీడలను, కదలికలను, ఢీకొనడాలను తెర మీద లెక్కగట్టే పనిముట్ల సముదాయం. 2023 నాటి ఆట ఆ పునాది మీద ఆరో మెట్టు. చిన్నప్పుడు ‘రోడ్ రాష్’ ఆడిన చేతులతో నేరుగా దీన్ని పట్టుకున్నవారు మొదటి మలుపులోనే కింద పడటం సహజం.

బ్రేకు నేర్పే పాఠం

ఈ ఆట మొదటి బలం బ్రేకింగ్‌ను పందెపు గుండెకాయగా నిలబెట్టడం. బుద్ధ్ సర్క్యూట్‌లో మూడో మలుపు ఎత్తు మీదికి ఎక్కుతూ ఉంటుంది. దాన్ని దాటాక దాదాపు కిలోమీటరు నిడివి గల తిన్నటి దారి వస్తుంది. దాని చివర నాలుగో మలుపు దగ్గర వేగాన్ని హఠాత్తుగా దించాలి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వస్తున్న బైకును, గురుత్వాకర్షణకు 1.2 రెట్ల బలంతో ఆపగలిగితే, 100 కిలోమీటర్ల వేగానికి దిగేసరికి దాదాపు 260 మీటర్లు గడిచిపోతాయి. అంతకంటే గట్టిగా ఆపబోతే బరువంతా ముందు చక్రం మీదికి ఒరిగి, వెనక చక్రం నేల విడుస్తుంది. ముందు బ్రేకునూ వెనక బ్రేకునూ విడివిడిగా నొక్కే ఎంపికను ఆట ఇస్తుంది కాబట్టి, ముందుది ఎక్కువైతే టైరు జారడం, వెనకది ఎక్కువైతే బైకు తోక ఊపడం ఆటగాడికి రెండు మూడు ల్యాప్‌లలోనే అనుభవంలోకి వస్తాయి. పది మీటర్లు ముందుగా ఆపినవాడు నెమ్మదిగా బయటపడతాడు, పది మీటర్లు ఆలస్యంగా ఆపినవాడు కంకర మడుగులోకి వెళతాడు అనే సత్యాన్ని ఏ పుస్తకమూ ఇంత తొందరగా తలకెక్కించలేదు.

రెండో బలం వంపు లెక్క. మలుపులో బైకు ఎంత వంగాలనేది వేగాన్ని బట్టి, మలుపు వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుంది. బైకూ రైడరూ కలిసిన గురుత్వ కేంద్రం 60 డిగ్రీలు వంగిందంటే పక్కకు లాగే బలం గురుత్వాకర్షణకు 1.73 రెట్లు ఉందని లెక్క. 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో అది గంటకు సుమారు 105 కిలోమీటర్ల వేగానికి సమానం. ఈ లెక్కలేవీ తెలియకపోయినా, వంగి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పితే వెనక టైరు పట్టు తప్పుతుందని, బైకును నిలబెట్టాకే శక్తిని విప్పాలని ఆట పదేపదే చెబుతుంది. వెనక చక్రం గింగిర్లు కొట్టకుండా ఎలక్ట్రానిక్స్ అడ్డుకునే ట్రాక్షన్ కంట్రోల్, ముందు చక్రం లేవకుండా చూసే యాంటీ వీలీ, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజినే వేగాన్ని తగ్గించే ఇంజిన్ బ్రేకింగ్ అనే మూడింటినీ రేసు నడుస్తుండగానే ఎక్కువ తక్కువలు చేసుకునే వీలుంది. టైరు అరుగుతున్నకొద్దీ, పెట్రోలు తగ్గుతున్నకొద్దీ ఈ సర్దుబాట్లు మారాలి కనుక, మొదటి ల్యాప్‌లో గెలిచే పద్ధతి చివరి ల్యాప్‌లో పనికిరాదు.

మూడో బలం ప్రత్యర్థుల తెలివి. 2019 నాటి ఆట నుంచి మైల్‌స్టోన్, ‘ఆనా’ అనే కృత్రిమ నాడీజాల పద్ధతిని వాడుతోంది. కంప్యూటర్ నడిపే రైడర్లు ముందుగా గీసిన గీత వెంట బొమ్మల్లా పోకుండా, లెక్కలేనన్ని సాధన ల్యాప్‌ల ద్వారా తామే దారి నేర్చుకునేలా వారికి శిక్షణ ఇవ్వడం ఈ పద్ధతి. అందువల్ల వాళ్లు తలుపు మూసినట్టు లోపలి దారిని కాపాడుకుంటారు, ఎదుటివాడు తప్పు చేస్తే సందు చూసి దూరతారు. 2023 ఆటలో ఇదే తెలివిని కొత్తవారికి సాయంగానూ మలిచారు. ‘న్యూరల్ ఎయిడ్స్’ అనే ఏర్పాటు ఆటగాడి చేతనైనతనాన్ని గమనిస్తూ, అవసరమైన మేరకే బ్రేకు, యాక్సిలరేటర్, మలుపు తిప్పడంలో చెయ్యి అందించి, నైపుణ్యం పెరిగేకొద్దీ వెనక్కి తగ్గుతుంది. దానితో పాటు ట్రాక్‌ను ముక్కలుగా విడగొట్టి ఒక్కో భాగానికి సమయం నిర్దేశించే ‘అకాడమీ’ కూడా ఉంది. ఏ శిక్షణా లేకుండా లోతుకు నెట్టేస్తోందని అంతకు ముందరి ఆటల మీద ఉన్న ఫిర్యాదుకు ఇది తగిన జవాబు.

నాలుగో బలం వాతావరణం. రేసు మధ్యలో వాన రావడం, దాంతో రైడర్ పిట్ లేన్‌లోకి వెళ్లి పొడి నేల టైర్ల బైకు దిగి, వాన టైర్లు తొడిగి సిద్ధంగా ఉంచిన రెండో బైకు ఎక్కడం మోటోజీపీకి ప్రత్యేకమైన పద్ధతి. దీన్ని ఫ్లాగ్ టు ఫ్లాగ్ అంటారు. ఈ మార్పు ఎప్పుడు చేయాలన్న నిర్ణయం ఒక్కోసారి వేగం కంటే పెద్ద తేడా తెస్తుంది. 2023 ఆట దీన్ని తిరిగి తీసుకొచ్చి, రేసును కేవలం చేతివాటం పరీక్షగా కాక ఆలోచన పరీక్షగా కూడా మార్చింది. గ్రేటర్ నోయిడాలో స్ప్రింట్‌ను వాన ఎలా వెనక్కి నెట్టిందో చూసినవారికి ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఈ బలాలు ఇంటి గోడలకే పరిమితం కావని కొవిడ్ కాలం నిరూపించింది. 2020 మార్చి 29న, ప్రపంచమంతా తలుపులు మూసుకున్న వేళ, మోటోజీపీ రైడర్లు తమ ఇళ్ల నుంచే ‘మోటోజీపీ 19’ ఆటలో ముజెల్లో ట్రాక్‌పై పోటీపడగా అలెక్స్ మార్కెజ్ గెలిచాడు. రైడర్లు కాని ఆటగాళ్ల కోసం మోటోజీపీ ఈ-స్పోర్ట్ చాంపియన్‌షిప్ 2017లోనే మొదలైంది.

ఒంటికి తగలని ఎండ

ఇక లోపాలకు వస్తే, మొదటిది చేతిలోని పరికరంలోనే ఉంది. కారు ఆటకు ఇంటి బల్లకు బిగించుకునే స్టీరింగ్, పెడళ్లు బజారులో దొరుకుతాయి. రోడ్డు గతుకులు కూడా చేతికి తెలిసేలా ఆ స్టీరింగ్ బిగుసుకుంటుంది. బైకు ఆటకు అలాంటి ఇంటి సాధనం ప్రాచుర్యంలో లేదు. నిజమైన బైకును వేగంలో కుడివైపు వంచాలంటే కుడి హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి, తొడతో ట్యాంకును బిగించాలి, తుంటిని సీటు బయటికి జార్చాలి, మోకాలిని నేలకు ఆనించాలి. ఆటలో ఈ మొత్తం పనిని ఎడమ బొటనవేలు ఒక్కటే అర అంగుళం కదలికతో పూర్తి చేస్తుంది. 1985లో సేగా బొమ్మ బైకు ఆటగాడి నుంచి రాబట్టిన ఒంటి వంపును 2023 నాటి ఆట అడగనైనా అడగదు. ఈ లెక్కన తెర మీద బైకు తోలడం గట్టున కూర్చుని ఈత నేర్చుకోవడం లాంటిదే.

రెండో లోపం అంతకంటే లోతైనది. గ్రేటర్ నోయిడా రేసులో అతి ముఖ్యమైన పాత్రధారి సెప్టెంబరు ఎండ. 21 ల్యాప్‌లు, అంటే 104 కిలోమీటర్ల దూరం, దాదాపు 37 నిమిషాల సేపు తోలు సూటులో ఉడికిన మార్టిన్ రేసు ముగియగానే నిలబడలేక కుర్చీలో కూలబడ్డాడు. రేసు మధ్యలో అతని సూటు జిప్పు తెరుచుకుపోగా, తిన్నటి దారిలో బైకు దూసుకుపోతుండగానే దాన్ని సర్దుకోవలసి వచ్చింది. అలా చేస్తూనే అతను రెండో స్థానం నిలబెట్టుకున్నాడు. ఆటలో టైరు వేడెక్కుతుంది, అరుగుతుంది. రైడర్ మాత్రం 21వ ల్యాప్‌లోనూ మొదటి ల్యాప్ నాటి మనిషిగానే ఉంటాడు. అలసటను, దాహాన్ని, ముంజేతి కండరాల పట్టేతను లెక్కించే ఏర్పాటు లేకపోవడం వల్ల, ఏసీ గదిలో ఆడేవారికి ఖతార్ రాత్రి రేసుకూ నోయిడా మధ్యాహ్నపు రేసుకూ రంగుల తేడా తప్ప మరో తేడా తెలియదు. ఒక దేశపు రేసును ఆ దేశపు రేసుగా చేసేదే ఇక్కడ తప్పిపోయింది.

మూడో లోపం పతనానికి వెల లేకపోవడం. స్ప్రింట్ మొదటి మలుపులోనే లూకా మరీని తన జట్టు సహచరుడైన బెజెచ్చిని ఢీకొని కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. తర్వాతి వారం జపాన్ రేసుకు దూరమయ్యాడు. ఆ దెబ్బతో అట్టడుగుకు పడిపోయిన బెజెచ్చి ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఐదో స్థానంలో స్ప్రింట్ ముగించాడు. ఆదివారం రేసులో అప్పటి ప్రపంచ చాంపియన్ ఫ్రాంచెస్కో బన్యాయా రెండో స్థానంలో ఉండగా కిందపడి పాయింట్లు కోల్పోయాడు. ఆటలో ఇవన్నీ జరిగినా ‘రివైండ్’ అనే సదుపాయం ఉంది; మీట నొక్కితే కాలం కొన్ని సెకన్లు వెనక్కి తిరిగి, మలుపు మళ్లీ ముందుకొస్తుంది. నేర్చుకునేవారికి ఇది గొప్ప సాయమే. కిందపడిన రైడర్ పరిగెత్తి వెళ్లి తన బైకును తిరిగి లేపుకునే దృశ్యాన్ని కూడా ఈ ఆటల్లో 2021 నుంచి చేర్చారు. అయితే పడటం అసౌకర్యంగానే తప్ప ప్రమాదంగా ఎన్నడూ కనిపించకపోవడం వల్ల, అసలు రైడర్లలో జాగ్రత్త ఎక్కడి నుంచి పుడుతుందో ఆటగాడికి అంతుపట్టదు.

నాలుగోది కెరీర్ విభాగం. మోటో3తో మొదలుపెట్టి పైకి ఎదిగే క్రమాన్ని, మధ్యమధ్య భవిష్యత్తును తేల్చే ‘టర్నింగ్ పాయింట్స్’ అనే పరీక్షలను ఆట బాగానే అల్లింది. సామాజిక మాధ్యమాన్ని పోలిన తెర మీద తోటి రైడర్లతో మాటల పోరు సాగించి, దాని ఫలితంగా బైకు అభివృద్ధిని ఒక దిశకు మళ్లించే ఆలోచన కూడా కొత్తదే. ఆచరణలో ఆ సందేశాలు కొద్ది రేసులకే పాతబడతాయి. ఎవరిని పొగిడినా ఎవరిని తెగిడినా పందెం మీద పడే ప్రభావం పలుచనే. డబ్బు చాలక, ప్రాయోజకులు దొరక్క, సొంత ఊళ్లో ట్రాక్ లేక తంటాలు పడే రైడర్ జీవితం ఇందులో కనబడదు. మన దేశపు కుర్రాళ్లకు రేసింగ్‌లో ఎదురయ్యే మొదటి అడ్డంకి అదే కావడం గమనార్హం.

ఐదోది లైసెన్సు ఆటలన్నిటికీ ఉన్న జబ్బు. ఏటా కొత్త ఆట రావాలి, అందులో ఆ ఏడాది క్యాలెండర్ ఉండాలి. అసలు క్యాలెండరే మారిపోతే ఆట ఏమీ చేయలేదు. కజకిస్తాన్‌లోని సోకోల్ ట్రాక్‌పై 2023లో జరగవలసిన రేసు ఏప్రిల్‌లోనే రద్దయింది. జూన్‌లో వచ్చిన ఆటలో మాత్రం ఆ ట్రాక్ నిక్షేపంగా ఉంది. 2024లోనూ అక్కడ రేసు జరగలేదు. బుద్ధ్ సర్క్యూట్‌కు మోటార్‌సైకిళ్ల భద్రతా ప్రమాణాల కోసం చేసిన మార్పులకు అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య తుది అనుమతి రేసు వారంలోనే వచ్చింది కనుక, జూన్ నాటి ఆట చూపినది కాగితం మీది ట్రాకే. ఏడాది తిరిగేసరికి ధర పెట్టి కొన్నది పాతదవుతుంది. మార్పులేమో కొన్ని పేర్లు, కొన్ని రంగులు, ఒకటి రెండు ఏర్పాట్లకు మించవు. లైసెన్సు గడువు తీరితే ఆట దుకాణం నుంచే మాయమయ్యే ప్రమాదమూ ఉంది. ‘ఫోర్జా హొరైజన్ 4’ అనే ప్రసిద్ధ కార్ల ఆటను 2024 డిసెంబరు 15న అమ్మకాల నుంచి తొలగించడం ఇందుకు ఉదాహరణ.

ఖర్చు సంగతీ మరువరానిది. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు దాని ధర రూ.49,990. ఆట, టీవీ అదనం. సిమ్యులేషన్ విద్య సామాన్యులకు అందిందనే మాట ఈ ధర దగ్గర ఆగి ఆలోచించవలసినదే.

ఎక్స్‌ప్రెస్‌వే ట్రాక్ కాదు

బుద్ధ్ సర్క్యూట్‌కు వెళ్లే దారి యమునా ఎక్స్‌ప్రెస్‌వే. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రాకు 165 కిలోమీటర్ల మేర సాగే ఈ సాఫీ రహదారి, 2012లో తెరుచుకున్నప్పటి నుంచి, వేగం మోజు గల రాజధాని ప్రాంత కుర్రకారును ఊరిస్తూనే ఉంది. బైకు ఆట ఆడేవారంతా రోడ్డు మీద దూకుడుగా నడుపుతారని తేల్చడం అన్యాయం. అయినా ఆటలోని సూత్రాలకూ రోడ్డు సూత్రాలకూ ఎంత దూరముందో చెప్పుకోవలసిన అవసరం ఉంది. ట్రాక్ మీద ఎదురుగా వాహనం రాదు, అడ్డంగా ఆవు రాదు, శీతాకాలపు పొగమంచు కమ్మదు. ప్రతి మలుపు బయటా జారిపోవడానికి ఖాళీ స్థలం ఉంటుంది. ప్రతి ప్రమాదానికీ క్షణాల్లో చేరే అంబులెన్సు ఉంటుంది. కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. ఆట నేర్పిన బ్రేకింగ్ పాఠంలో రోడ్డుకు పనికొచ్చేది ఒక్కటే: వేగం రెట్టింపైతే ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది. మిగతాదంతా కంచె లోపలి విద్యగానే ఉండాలి.

పెద్దలు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. పందెం కాసే ఆటలకూ ఇలాంటి నైపుణ్య ఆటలకూ తేడా చూడకుండా అన్నిటినీ ఒకే గాటన కట్టడం మన ఇళ్లలో మామూలు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించదగినదిగా వేరు చేసింది. బైకు సిమ్యులేషన్ డబ్బు పెట్టి ఆడే ఆటల వర్గంలోకి రాదు.

తీర్పు

2024లో గ్రేటర్ నోయిడాలో జరగవలసిన రేసును వాయిదా వేశారు. 2025లోనూ అది జరగలేదు. హైదరాబాద్‌దీ ఇదే కథ. హుస్సేన్ సాగర్ తీరాన 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసులో జాన్ ఎరిక్ వెర్న్ గెలవగా, 2024లో జరగవలసిన రెండో రేసు రద్దయింది. ఒక్కసారి జరిగి ఆగిపోయే రేసులతో ఏ దేశంలోనూ రేసింగ్ సంస్కృతి పెరగదు. ప్రేక్షకుడు రైడర్ కావడానికి, రైడర్ మెకానిక్‌తో మాట్లాడటానికి, మెకానిక్ ఇంజినీరు కావడానికి ఏటేటా తిరిగొచ్చే పోటీ కావాలి. ఆ లోటు నడుమ, బుద్ధ్ సర్క్యూట్ మలుపులను ఇళ్లలో సజీవంగా ఉంచిన ఈ ఆట సేవ చిన్నది కాదు.

ఆ తర్వాతి ఆటలు కొన్ని లోపాలను దిద్దుకున్నాయి. ఆటగాడి స్థాయిని బట్టి ప్రత్యర్థుల వేగం సర్దుకునే ఏర్పాటు 2024 ఆటలో వచ్చింది. 2025 ఆట అన్‌రియల్ ఇంజిన్ 5కు మారింది. ఒంటి అలసట, ఎండ, గాయం మాత్రం ఇంకా బయటే ఉన్నాయి. రైడర్ దమ్మును కూడా టైరులా అరిగిపోయే వనరుగా లెక్కించడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. 2004లో మొదలైన లక్ష్య డిజిటల్ వంటి గురుగ్రామ్ సంస్థలు విదేశీ ఆటలకు చిత్రరచన చేసిపెడుతున్న ఈ ప్రాంతంలోనే, అలాంటి ఆటను సొంతంగా తలపెట్టగల చేతులు ఉన్నాయి.

ఈ ఆటను కొనదలచినవారికి చెప్పవలసింది ఇంతే. ఏటా కొత్తది కొననక్కర్లేదు. రెండు మూడేళ్లకు ఒకటి చాలు, అదీ ధర తగ్గాక. మొదటి నెల సహాయకాలు పెట్టుకుని ఆడి, తర్వాత ఒక్కొక్కటిగా తీసేస్తే గానీ దాని అసలు రుచి తెలియదు; రివైండ్‌ను పూర్తిగా మానేసిన రోజు నుంచే అది పందెం అవుతుంది. మోటార్‌సైకిల్ రేసింగ్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన పాఠ్యపుస్తకం ఇంట్లో దొరకదు. నిజమైన బైకు ఎక్కాలనుకునేవారు మాత్రం ఆ పుస్తకాన్ని మూసి, హెల్మెట్ పెట్టుకుని, శిక్షకుడి దగ్గర, ట్రాక్ మీద మొదటి నుంచి నేర్చుకోవాలి.